సెయింట్ జాన్ దీవిలో సొంత వంటతో సెలవులు: సరుకులు ఎక్కడ కొనాలి, రోజు ఎలా గడపాలి

కరీబియన్ సముద్రంలో ఉన్న అమెరికా వర్జిన్ దీవుల్లోని మూడు ప్రధాన దీవుల్లో సెయింట్ జాన్ అన్నిటికన్నా చిన్నది. విమానాశ్రయం లేదు, ట్రాఫిక్ సిగ్నళ్ళు లేవు. యాభై చదరపు కిలోమీటర్ల నేలలో సగానికి పైగా నేషనల్ పార్కే. కొండల మీద అద్దెకిచ్చే విల్లాలు చాలా ఉన్నాయి. ఇక్కడికి వచ్చే కుటుంబాల్లో ఎక్కువమంది అలాంటి ఇల్లు ఒకటి తీసుకుని తమ వంట తామే చేసుకుంటారు. అమెరికాలో ఉంటున్న తెలుగువారికి ఈ ఏర్పాటు బాగా నప్పుతుంది. వేరే దేశం వీసా అక్కరలేదు, డాలరే చెల్లుతుంది, పిల్లలకు పెరుగన్నం దొరకదన్న బెంగ ఉండదు.

అయితే సరుకుల విషయంలో ముందుచూపు లేకపోతే సెలవులో సగం దుకాణాల చుట్టూ, పొయ్యి దగ్గర గడిచిపోతుంది. ముఖ్యంగా ఇంట్లో వంట చేసేవారికి అది సెలవే కాదు. వంటింటి పని మొత్తం రోజుకు గంటన్నర దాటకూడదనేది నా పట్టుదల. అది కుదరాలంటే సరుకులను మూడు చోట్ల పంచుకుని కొనాలి: కొన్ని మీ ఊళ్ళో, కొన్ని పక్కనున్న సెయింట్ థామస్‌లో, మిగిలినవి సెయింట్ జాన్‌లో.

మొదటి పని: కాలం, కాగితాలు

డిసెంబరు నడిమి నుంచి ఏప్రిల్ దాకా రద్దీ కాలం, అద్దెలు మండిపోతాయి. తుపానుల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30తో ముగుస్తుంది. అందులో ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ప్రమాదం ఎక్కువ. 2017 సెప్టెంబరులో ఇర్మా, మరియా తుపానులు రెండు వారాల తేడాతో ఈ దీవులను కుదిపేశాయి. బడి సెలవులతో ముడిపడినవారికి మే నెలాఖరు, జూన్ మొదటి వారాలు మంచివి. అద్దె తగ్గుతుంది, సముద్రం నెమ్మదిగా ఉంటుంది, మామిడిపండ్లూ వస్తుంటాయి.

ఇది అమెరికా భూభాగమే అయినా ఆ దేశపు కస్టమ్స్ పరిధికి వెలుపల ఉంది. వెళ్ళేటప్పుడు తనిఖీ ఉండదు కానీ, తిరిగి వచ్చేటప్పుడు సెయింట్ థామస్ విమానాశ్రయంలోనే కస్టమ్స్, ఇమిగ్రేషన్ అధికారులు కాగితాలు చూస్తారు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారు పాస్‌పోర్టు, ఐ-94, ఐ-797 లేదా ఐ-20 వెంట ఉంచుకోండి. గ్రీన్ కార్డు ఉన్నవారు కార్డు తప్పనిసరిగా తీసుకెళ్ళండి.

ఇంకొక హెచ్చరిక కూడా చెప్పాలి. సెయింట్ జాన్ తీరం నుంచి కంటికి కనిపించే టోర్టోలా, జోస్ట్ వాన్ డైక్ దీవులు బ్రిటిష్ వర్జిన్ దీవులవి. పడవలవాళ్ళు ఒక్క రోజు విహారానికి అక్కడికి తీసుకెళ్తామంటారు. ఆ గట్టున అడుగు పెడితే అమెరికా దాటినట్టే. మీ వీసా స్టాంపింగ్ గడువు ముగిసి ఉంటే ఆ విహారం జోలికి పోవద్దు. ఫోను విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. ఉత్తర, తూర్పు తీరాల్లో ఫోను తనంతట తాను బ్రిటిష్ టవరు పట్టుకుని రోమింగ్ బిల్లు పెంచుతుంది, కాబట్టి దిగగానే రోమింగ్ ఆపేయండి.

రెండో పని: పెట్టెలో ఏమి పెట్టుకోవాలి

సెయింట్ జాన్‌లో బియ్యం దొరుకుతుంది కానీ సోనా మసూరి దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. నలుగురికి వారానికి మూడు కిలోల బియ్యం చాలు. పప్పుల్లో కందిపప్పుకన్నా పెసరపప్పుకే నా ఓటు. విల్లా వంటింట్లో పెద్ద గిన్నెలు, పెనాలు, మిక్సీ లాంటివి ఉంటాయి గాని ప్రెషర్ కుక్కర్ సాధారణంగా ఉండదు. కుక్కర్ లేకుండా కందిపప్పు మెత్తబడే లోపు పొద్దెక్కిపోతుంది. పెసరపప్పయితే అరగంట లోపే ఉడుకుతుంది. కందిపప్పు లేనిదే ముద్ద దిగదంటే రెండు లీటర్ల చిన్న కుక్కర్ పెట్టెలో వేసుకోండి. కరెంటు అమెరికాలో ఉన్న 110 వోల్టులే కాబట్టి మీ ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ కూడా పనిచేస్తుంది.

ఇవి తప్పక ఉండాలి: పోపుల పెట్టె ఉన్నదున్నట్టుగా, పసుపు, కారం, ఇంగువ, చింతపండు, సాంబారు పొడి, కందిపొడి, అటుకులు, ఉప్మా రవ్వ, ఒక సీసా ఆవకాయ లేదా గోంగూర. ఇంటి దగ్గరే పులిహోర గుజ్జు ఉడికించి గట్టిగా మూత ఉన్న డబ్బాలో పెట్టుకుంటే రెండు పూటలు గట్టెక్కుతాయి. పచ్చళ్ళు, గుజ్జు, నెయ్యి చెక్-ఇన్ పెట్టెలోనే వేయండి. చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో ద్రవపదార్థాల నిబంధన కింద తీసిపారేస్తారు.

నూనె, ఉప్పు, చక్కెర, పాలు మోసుకెళ్ళవద్దు, అన్నీ అక్కడ దొరుకుతాయి. సన్‌స్క్రీన్ మాత్రం కొనేముందు సీసా మీది పేర్లు చదవండి. పగడాలకు హాని చేసే ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవాటిని ఈ దీవుల్లో చట్టం నిషేధించింది, అది 2020 నుంచి అమల్లో ఉంది. జింక్ ఆక్సైడుతో చేసినవి తీసుకోండి. పొడుగు చేతుల ఈత చొక్కా అంతకన్నా మేలు, పిల్లలకు మరీను.

మూడో పని: సెయింట్ థామస్‌లో బరువైన సరుకులు

సెయింట్ జాన్‌లో సరుకుల ధరలు చూసి చాలామంది ఉలిక్కిపడతారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. దాదాపు ప్రతి వస్తువూ ఓడలో ముందు సెయింట్ థామస్‌కు వస్తుంది, అక్కడి నుంచి మళ్ళీ బార్జి (బండ్లను, సరుకును మోసే చదునైన పడవ) ఎక్కి సెయింట్ జాన్ చేరుతుంది. ఆ రెండో ప్రయాణం ఖర్చు మన జేబులోంచే పోతుంది. కనుక బరువైనవి, చెడిపోనివి సెయింట్ థామస్‌లోనే కొనాలి.

విమానం దిగేది దీవికి పడమటి వైపు. సెయింట్ జాన్‌కు తరచుగా పడవలు బయలుదేరే రెడ్ హుక్ రేవు తూర్పు కొసన ఉంది. ఈ దారిలో కనీసం అరగంట పడుతుంది. కాస్ట్-యు-లెస్ అనే గోదాము తరహా దుకాణంలో పెద్ద పొట్లాలు దొరుకుతాయి. రేవు దగ్గరలోనే మామూలు సూపర్ మార్కెట్టు కూడా ఉంది. తాగునీటి క్యాన్లు, నూనె, పాలు, పెరుగు, గుడ్లు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, బ్రెడ్డు, పళ్ళరసాలు, పిల్లల చిరుతిళ్ళు ఇక్కడ తీసుకోండి. సేల్స్ టాక్సు ఉండదు కాబట్టి చీటీ మీద ఎంత ఉంటే అంతే.

వీటిని చేర్చడానికి రెండు దారులున్నాయి. టాక్సీలో రేవుకు వెళ్ళి మనుషులెక్కే ఫెర్రీలో ఇరవై నిమిషాల్లో సెయింట్ జాన్‌లోని ప్రధాన ఊరు క్రూజ్ బే చేరడం ఒకటి. ఇక్కడ టాక్సీలకు మీటరు ఉండదు, ప్రభుత్వం నిర్ణయించిన రేటు తలకు ఇంత చొప్పున తీసుకుంటారు. ఫెర్రీలో పెట్టెలకు, అట్టపెట్టెలకు విడిగా డబ్బులు కట్టాలి. రెండోది, సెయింట్ థామస్‌లోనే జీపు అద్దెకు తీసుకుని, దారిలో సరుకులు నింపుకుని, రెడ్ హుక్‌లో కార్లను మోసే బార్జి ఎక్కడం. పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న కుటుంబానికి రెండోదే హాయి, సామాను ఒక్కసారి కూడా దించనక్కరలేదు. బండిని బార్జి ఎక్కించడానికి అద్దె ఒప్పందం అనుమతిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

బండి ఎడమవైపు నడపాలి, స్టీరింగు కూడా ఎడమవైపే ఉంటుంది. హైదరాబాదులో నడిపిన అలవాటు సగమే పనికొస్తుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ పక్కన కూర్చున్నవారు "ఎడమ" అని గట్టిగా గుర్తు చేయడం మంచి పద్ధతి. రోడ్లు నిటారుగా, వంకర్లు తిరుగుతూ ఉంటాయి. గాడిదలు, మేకలు, కోళ్ళు అడ్డం వస్తాయి. సన్నటి ముంగిసలు కూడా కనిపిస్తాయి. వాటి పూర్వీకులు మన దేశపువే. 1872లో చెరకు తోటల్లో ఎలుకలను పట్టడానికి భారతదేశం నుంచి జమైకాకు తెచ్చారు, అక్కడి నుంచి కరీబియన్ దీవులకు పాకించారు. ఎలుకలు రాత్రి తిరిగేవి, ముంగిసలు పగలు తిరిగేవి. ఎలుకల బెడద తీరలేదు సరికదా, పక్షుల గుడ్లకు, తాబేలు గుడ్లకు ముప్పు వచ్చిపడింది.

విల్లాలో దిగిన సాయంత్రం

నీళ్ళ సంగతి ముందు ఇంట్లో అందరికీ చెప్పండి. ఇక్కడి ఇళ్ళు కప్పు మీద పడిన వాన నీటిని కింద తొట్టెలో పట్టి వాడుకుంటాయి. తొట్టె ఖాళీ అయితే లారీతో నీళ్ళు తెప్పించుకోవాలి, అది ఖరీదైన వ్యవహారం. కుళాయి వదిలేసి అంట్లు తోమడం, అరగంట స్నానాలు వద్దు. తాగడానికి, వంటకు వేరే నీళ్ళు వాడండి. కరెంటు అప్పుడప్పుడు పోతుంది కనుక టార్చి లైటు చేతికి అందేలా ఉంచండి. చెత్తను రోడ్డు పక్కనుండే పెద్ద డబ్బాలకు మీరే తీసుకెళ్ళి వేయాలి. వేడి దేశం కాబట్టి రాత్రి అలాగే వదిలేస్తే చీమలు బారులు తీరతాయి. బియ్యం, రవ్వ, అటుకులు మూత డబ్బాల్లో పోసేయండి.

ఆ పూట వంటకు కష్టపడొద్దు. అన్నం పెట్టి పులిహోర గుజ్జు కలపండి, పెరుగు ఉంది కదా.

నాలుగో పని: క్రూజ్ బేలో తాజా సరుకులు, దీవి కూరగాయలు

సెయింట్ జాన్‌లో స్టార్‌ఫిష్ మార్కెట్, డాల్ఫిన్ మార్కెట్ అనేవి ప్రధాన దుకాణాలు. రెండూ క్రూజ్ బేలో ఉన్నాయి. తూర్పున కోరల్ బే వైపు ఇల్లు తీసుకున్నవారు అక్కడి చిన్న దుకాణాలతో సర్దుకోవచ్చు గాని వారం సరుకులకు అవి చాలవు. తాజా కూరగాయలు ఏ రోజు దిగుతాయో కౌంటరు దగ్గర అడగండి, ఆ రోజు పొద్దున్నే వెళ్ళండి. పడవ ఆలస్యమైతే ఆకుకూరల అరలు బోసిగా ఉంటాయి. అందుకే "ఇది దొరికితే ఇది, లేకపోతే అది" అన్నట్టు జాబితా రాసుకోవాలి.

దుకాణంలోకి అడుగుపెట్టగానే ముందు పలకరించాలి. పొద్దున అయితే "గుడ్ మార్నింగ్", మధ్యాహ్నం "గుడ్ ఆఫ్టర్‌నూన్", చీకటి పడితే "గుడ్ నైట్". అవును, ఇక్కడ ఎదురుపడినప్పుడు కూడా గుడ్ నైట్ అనే అంటారు. పలకరింపు లేకుండా "పాలు ఎక్కడున్నాయి" అని అడగడం ఈ దీవిలో పెద్ద అమర్యాద. పిల్లలకు ముందే నేర్పండి. ఒక్క మాటతో అవతలి మనిషి ముఖం విచ్చుకుంటుంది, ఏ పండు బాగుందో కూడా వాళ్ళే చెబుతారు.

ఇక అసలు సంతోషం కూరగాయల దగ్గర ఉంది. ఈ దీవుల్లో పండేవాటిలో చాలావరకు మనకు పాత చుట్టాలే. ఓక్రా అంటే మన బెండకాయ. ఇక్కడివాళ్ళు మొక్కజొన్న పిండిలో బెండకాయ కలిపి ఉడికించి ముద్దచేసిన ఫంగీని చేపల కూరతో తింటారు. సంకటి తిన్న నోటికి ఆ ముద్ద ఇట్టే నచ్చుతుంది. క్రిస్టోఫీన్ అంటే బెంగళూరు వంకాయ, పెసరపప్పు వేసి కూర చేస్తే పదిహేను నిమిషాల పని. పచ్చి ప్లాంటెయిన్‌తో అరటికాయ వేపుడు చేసుకోవచ్చు. డషీన్ చేమదుంప జాతిది, కసావా కర్రపెండలం, బ్రెడ్‌ఫ్రూట్ గోదావరి జిల్లాల్లో ఎరిగిన సీమపనస. ఈ సీమపనసను తోటల్లోని బానిసలకు చవక తిండిగా పెట్టాలని పసిఫిక్ నుంచి ఓడలో తెప్పించారు, కెప్టెన్ విలియం బ్లై 1793లో ఆ మొక్కలను వెస్టిండీస్‌కు చేర్చాడు.

పిజియన్ పీస్ అని డబ్బాల్లో అమ్మేవి పచ్చి కంది గింజలు. డబ్బా విప్పి కడిగి, ఉల్లిపాయ, కొబ్బరి, పోపు వేసి అన్నంలో కలపండి. ఎండు కందిపప్పు ఉడికించే బాధ లేకుండా కంది రుచి దొరుకుతుంది. దీవి వాళ్ళు కూడా వీటిని అన్నంతో కలిపి వండుతారు. స్కాచ్ బానెట్ మిరపకాయ చూడ్డానికి ముద్దొస్తుంది గాని, మన పచ్చిమిర్చి లెక్కన తరిగి వేస్తే తినలేరు. పప్పు ఉడికేటప్పుడు ఒక కాయ చిదమకుండా వేసి, దించేముందు తీసేయండి. సువాసన మిగులుతుంది, మంట హద్దులో ఉంటుంది.

విల్లాల్లో బయట గ్యాసు గ్రిల్లు ఉండటం మామూలే. మాంసాహారులు దాని మీద చికెన్, చేపలు కాల్చుకుంటారు. శాకాహారులకు అది నిప్పుల పొయ్యితో సమానం. పెద్ద వంకాయకు నూనె రాసి కాల్చి పచ్చడి చేయండి, టమాటాలు, ఉల్లిపాయలు కూడా పక్కనే కాల్చేయవచ్చు. చేపలు కొనేవారికి ఒక జాగ్రత్త. పగడపు దిబ్బల దగ్గర పట్టిన బారకూడా లాంటి పెద్ద చేపల్లో సిగ్వటెరా అనే విషం ఉండవచ్చు, అది వండినా పోదు. పేరు తెలియని చేపను తీరంలో కొనకండి. మాహి-మాహి, ట్యూనా వంటి లోతు సముద్రపు చేపలు నయం.

పండ్లలో సీతాఫలం కనిపిస్తే వదలకండి. దానికి పుట్టిల్లు ఈ ప్రాంతమే, మన ఊళ్ళకు తర్వాత వచ్చింది. ముళ్ళ తొక్క సోర్‌సాప్‌ను మనం లక్ష్మణఫలం అంటాం, దాని రసం చల్లగా తాగాలి. బయట తినాలనిపించిన రోజు రోటీ అడగండి. 1845 నుంచి కూలీలుగా ట్రినిడాడ్‌కు తరలించిన భారతీయుల వంటిళ్ళలో నిలిచి, అక్కడి నుంచి దీవులన్నిటా వ్యాపించిన తిండి అది. బంగాళాదుంప, శనగల కూర చుట్టి ఇస్తారు, ఒకటి తింటే మధ్యాహ్నం గడిచిపోతుంది.

రోజును ఎలా అమర్చుకోవాలి

నేను సిఫారసు చేసే పద్ధతి ఇది. రాత్రి భోజనం వండేటప్పుడే మర్నాటి మధ్యాహ్నానికి కావలసింది కూడా వండేయండి. పొద్దున ఉప్మానో అటుకులో తిని, పెరుగన్నమో పులిహోరో డబ్బాలో సర్దుకుని ఎనిమిది లోపు తీరం చేరండి. ఈ దీవిలో పార్కింగు దొరకడమే సగం పని. పది దాటితే సెయింట్ థామస్ నుంచి విహార నౌకల ప్రయాణికులు సఫారీ టాక్సీల్లో (పక్కలు తెరిచి, బల్లలు వేసిన ట్రక్కులు) దిగుతారు, పేరున్న తీరాలు నిండిపోతాయి. మధ్యాహ్నం రెండింటికి ఇంటికి వచ్చి నిద్రపోండి. సాయంత్రం గంటన్నర వంట. అంతే.

తీరాల్లో మొదట మాహో బే వెళ్ళండి. నీళ్ళు లోతు తక్కువ, అలలు మెత్తన. నీటి అడుగున గడ్డి మేసే పచ్చ తాబేళ్ళు మనకు దగ్గరలోనే తిరుగుతుంటాయి. ఈత రాని పెద్దలు మన ఇళ్ళలో చాలామంది ఉంటారు. వాళ్ళు లైఫ్ జాకెట్ వేసుకుని, మాస్కు పెట్టుకుని, నడుము లోతు నీళ్ళలో ముఖం ముంచితే చాలు, చేపలు కనిపిస్తాయి. తాబేలును తాకవద్దు, వెంటపడవద్దు. చాలా తీరాల్లో లైఫ్‌గార్డులు ఉండరు కనుక పిల్లల మీద ఒకరి కన్ను ఎప్పుడూ ఉండాలి.

ట్రంక్ బే అందరికీ తెలిసిన తీరం, లోపలికి రుసుము ఉంది. నీటి అడుగున పలకల మీద చేపల, పగడాల వివరాలు రాసిన ఈత బాట ఇక్కడి ప్రత్యేకత, సుమారు రెండు వందల మీటర్లు. మొదటిసారి స్నార్కెల్ (నీటి పైనుంచి ఊపిరి తీసుకునే గొట్టం) పెట్టుకునేవారికి బాగుంటుంది. ఈత బాగా వచ్చినవారు వాటర్‌లెమన్ కే అనే చిన్న దీవి చుట్టూ ఈదండి. చెరకు మిల్లు శిథిలాలున్న అన్నాబర్గ్ దగ్గర బండి ఆపి తీరం వెంబడి నడిచి వెళ్ళాలి, అందుకే అక్కడ జనం తక్కువ. పగడం మీద నిలబడవద్దు, అది ప్రాణి, మీ పాదం బరువుకు చచ్చిపోతుంది. చలికాలంలో ఉత్తర తీరాన అలలు పెద్దవైతే ఆ రోజు దక్షిణాన సాల్ట్ పాండ్ బేకు వెళ్ళండి.

తీరం చెట్ల కింద దుప్పటి పరిచేముందు పైకి చూడండి. మాంచినీల్ అనే చెట్టుకు చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి కాయలుంటాయి. కాయ విషం, పాలు తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది, వానలో దాని కింద నిలబడినా ప్రమాదమే. నేల మీద రాలిన ఏ కాయనూ పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి.

నీళ్ళలోంచి బయటికి వచ్చే ఒక రోజు ఉండాలి. అన్నాబర్గ్ చెరకు మిల్లు శిథిలాలను తప్పక చూపించండి. ఈ దీవి అప్పట్లో డెన్మార్క్ వాళ్ళది. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత చెరకు పండించి చక్కెర చేయించేవారు. 1733 నవంబరులో ఆ బానిసలు తిరగబడి కోరల్ బే కోటను పట్టుకున్నారు, నెలల తరబడి దీవిలో చాలా భాగాన్ని తమ చేతిలో ఉంచుకున్నారు. బానిసత్వం 1848 జూలై 3న రద్దయింది. 1917లో అమెరికా రెండున్నర కోట్ల డాలర్ల బంగారం ఇచ్చి ఈ దీవులను కొన్నది. మిల్లు గోడల్లో పగడపు రాళ్ళు కనిపిస్తాయి, వాటిని ఎవరి చేతులు మోశాయో పిల్లలకు అక్కడే చెప్పండి.

కాళ్ళలో సత్తువ ఉన్నవారు రీఫ్ బే బాట నడవండి. దీవి నడుమ సాగే సెంటర్‌లైన్ రోడ్డు నుంచి అడవిలో కిందికి దిగాలి. పక్కకు చీలే దారిలో నీటి మడుగు ఒడ్డున ఈ దీవుల ఆదివాసులైన టైనో ప్రజలు రాతి మీద చెక్కిన బొమ్మలున్నాయి. దిగడం సులువు, ఎండలో తిరిగి ఎక్కడం కష్టం. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళండి. రామ్ హెడ్ కొసకు వెళ్ళేవారు సూర్యోదయానికే బయలుదేరాలి, దారిలో నీడ ఉండదు. గ్రేట్ లేమ్‌షర్ బే పేరు సైన్సు ఇష్టపడే పిల్లలకు చెప్పండి. 1969లో టెక్‌టైట్ ప్రయోగంలో నలుగురు శాస్త్రవేత్తలు అక్కడి సముద్రం అడుగున 58 రోజులు నివసించారు. మరుసటి ఏడు సముద్ర శాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్ నాయకత్వంలో అందరూ మహిళలే ఉన్న బృందం అదే చోట పనిచేసింది.

చివరి పని: తిరుగు ప్రయాణం

బయలుదేరడానికి రెండు రోజుల ముందే కొనడం ఆపేయండి. మిగిలిన కూరగాయలన్నీ కలిపి ఒక పులుసు, బియ్యంతో కిచిడీ చేసుకోండి. విప్పని డబ్బాలు, నూనె సీసాలు విల్లా చూసుకునేవారిని అడిగి వారికే ఇవ్వండి, ఇంత ఖరీదైన చోట సరుకు పారేయడం తప్పు. తాజా పండ్లు, కూరగాయలు అమెరికా ప్రధాన భూభాగానికి తీసుకెళ్ళాలంటే వ్యవసాయ తనిఖీలో చాలావాటిని ఆపేస్తారు, మామిడిపండ్లు అసలే వద్దు. సీతాఫలాలు తినేసి వెళ్ళండి. కస్టమ్స్ వరుస చాలా పొడుగ్గా ఉంటుంది కనుక విమానానికి మూడు గంటల ముందు సెయింట్ థామస్‌లో ఉండేలా ఫెర్రీ లేదా బార్జి ఎంచుకోండి. పాస్‌పోర్టులన్నీ ఒకే సంచిలో, మీ చేతిలోనే ఉంచుకోండి.